నడిచి వెళ్లేంత దూరం

లెనిన్ సెంటరులో పాత పుస్తకాల కొట్ల ముందు నిలబడితే, బెజవాడ కళాజీవితంలో ముప్పాతిక వంతు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటుంది. ఏలూరు రోడ్డు పొడవునా ప్రచురణకర్తలు, పుస్తకాల షాపులు. బీసెంట్ రోడ్డులో జనాన్ని తప్పించుకుంటూ అవతలికి తేలితే బందరు రోడ్డు, దాని మీద 130 ఏళ్లు దాటిన మ్యూజియం. గాంధీనగర్ వైపు మళ్లితే సినిమా హాళ్లు, ఫిలిం పంపిణీ ఆఫీసులు, నాటకాలాడే హనుమంతరాయ గ్రంథాలయం, వెన్న వేసిన ఇడ్లీకి పేరుపడ్డ బాబాయ్ హోటల్. బందరు రోడ్డు మొదట్లో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం. అదే రోడ్డు పట్టుకుని ముందుకు పోతే ఆకాశవాణి కేంద్రం.

ఈ పేటలు మళ్లీ తేరుకుంటున్నాయని ఈమధ్య అందరూ అంటున్నారు. మ్యూజియానికి మరమ్మతులు చేశారు. కళాక్షేత్రం కొత్త కుర్చీలతో, ఏసీతో కళకళలాడుతోంది. కాలువ గట్ల మీద, ఫ్లైఓవర్ స్తంభాల మీద కూచిపూడి భంగిమలు, కొండపల్లి బొమ్మలు రంగుల్లో కనిపిస్తున్నాయి. పాత హాళ్లు కొన్ని మల్టీప్లెక్సులయ్యాయి. ఇవన్నీ చూస్తే నాకూ సంతోషమే. నా ఊరు ఇది. అయితే ఆ సంతోషంలోనే ఒక ఆరాటం ఉంది. గవర్నర్‌పేటలో, దాని చుట్టుపక్కల ఇన్ని కళలు ఎందుకు పుట్టాయో మనం సరిగ్గా గుర్తు చేసుకున్నామా? నా లెక్కలో దానికి మూలం దగ్గరితనం. రాసేవాడి గదికీ అచ్చేసేవాడి ప్రెస్సుకీ, పాడేవాడి ఇంటికీ వినేవాళ్ల వీధికీ, బొమ్మ గీసేవాడి షెడ్డుకీ దాన్ని నిలబెట్టే హాలుకీ మధ్య రిక్షా కూడా అక్కర్లేనంత దూరం. పాతదాన్ని బాగుచేసేటప్పుడు గోడలకన్నా ముందు కాపాడుకోవాల్సింది ఆ దూరాన్నే.

ఈ దగ్గరితనం ఎవరూ ప్లాను గీసి తెచ్చింది కాదు. నీళ్లు తెచ్చాయి. 1852 నుంచి 1855 దాకా కృష్ణ మీద ఆనకట్ట కట్టాక బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచి పారాయి. వాటి మీద పడవల్లో వడ్లు వచ్చాయి, బియ్యం పోయాయి. 1890ల్లో నది మీద రైలు వంతెన పడింది. మద్రాసు ఒక రాత్రి ప్రయాణమైంది. ఇంద్రకీలాద్రి కింద వన్‌టౌన్‌లో గింజల వ్యాపారం స్థిరపడితే, కాలువలకు ఇవతల పెరిగిన కొత్త పేటల్లోకి ప్లీడర్లు, డాక్టర్లు, పంతుళ్లు, పత్రికలవాళ్లు చేరారు. డెల్టాలో పంట చేతికొచ్చిన రైతు రిజిస్ట్రేషన్ పనికో, కోర్టు పనికో, ఆస్పత్రికో బెజవాడ వచ్చేవాడు. పని మధ్యాహ్నానికి అయిపోయేది. తిరుగు బస్సుకు ఇంకా టైముండేది. ఆ మిగిలిన పూటే ఈ పేటలకు పెట్టుబడి. ఆ పూటలోనే అతను ఓ మాట్నీ చూసేవాడు, పిల్లవాడికో పుస్తకం కొనేవాడు, సాయంత్రం ఏదైనా సభ ఉంటే వెనక వరసలో కూర్చునేవాడు.

డెల్టా డబ్బు కళలోకి ఎంత దూరం పోయిందో చెప్పడానికి చల్లపల్లి రాజా ఒక్కరు చాలు. ఆయన సారథి ఫిలింస్ పెట్టి గూడవల్లి రామబ్రహ్మం చేతికి కెమెరా ఇస్తే 1938లో మాలపిల్ల వచ్చింది, 1939లో రైతుబిడ్డ వచ్చింది. జమీందారీ సొమ్ముతో జమీందారీని నిలదీసిన సినిమా రైతుబిడ్డ. కృష్ణా నీళ్లు తాగిన నేల మీదే అలాంటిది జరగగలదని నాకు గర్వం.

పుస్తకం సంగతి ఇంకా ముందుది. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం మొదలైంది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దాన్ని ఆసరా చేసుకుని ఊరూరికీ గ్రంథాలయం అనే ఆలోచనను ఉద్యమంగా మార్చారు. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్లందరినీ పిలిచి ఇక్కడే సభ పెట్టారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షత వహించారు. మరుసటి ఏడాదే గ్రంథాలయ సర్వస్వం పత్రిక వచ్చింది. చూపు దాదాపు పోయిన చిలకమర్తివారు చదువరుల సభకు పెద్దగా కూర్చోవడం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ గాలి ఎంతవరకు వీచిందంటే, 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెం నుంచి కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. పొలం పనిలో ఉన్నవాళ్లు గట్టు దాకా వస్తే చాలు, పుస్తకం చేతికి అందేది. వడ్లు మోసిన నీళ్లే పుస్తకాలూ మోశాయి.

ఇక సినిమా. ఆంధ్రదేశంలో సినిమా కోసమే కట్టిన మొదటి హాళ్లలో ఒకటి బెజవాడ మారుతి. పోతిన శ్రీనివాసరావుగారు 1921లో కట్టించారు. మాటలు రాని సినిమాల కాలం అది. తర్వాత ఈ చుట్టుపక్కల ఎన్ని హాళ్లు వచ్చాయో! దుర్గా కళామందిరం, లీలామహల్, విజయా టాకీస్, అలంకార్, అప్సర, నవరంగ్, ఊర్వశి, మేనక. హాళ్ల పేర్లే సెంటర్ల పేర్లయ్యాయి. ఈనాటికీ విజయా టాకీస్ దగ్గర దించమంటే ఆటో అబ్బాయి అక్కడే దించుతాడు. ఇంగ్లీషు సినిమా అంటే లీలామహల్‌కి పోవాలి. కాలేజీ కుర్రాళ్లకు ప్రపంచం ఆ తెర మీద మొదలయ్యేది.

హాళ్లకన్నా నాకు ఎక్కువ ఆసక్తి హాళ్ల వెనక బతికిన పనుల మీద. మద్రాసులో తీసిన సినిమా ఆంధ్ర జిల్లాలకు పోయేది గాంధీనగర్ మీదుగానే. నవయుగ లాంటి పంపిణీ సంస్థల ఆఫీసులు అక్కడే ఉండేవి. రీళ్లు రేకు డబ్బాల్లో, డబ్బాలు ఇనప పెట్టెల్లో రైలు దిగేవి. ఆ పెట్టెనే బాక్సు అనేవారు. రిలీజు ముందురోజు హీరో అభిమానులు ఒకరినొకరు అడిగే మాట ఒక్కటే, బాక్సు దిగిందా అని. దిగిన బాక్సుకు కొబ్బరికాయ కొట్టి, ఊరేగించి హాలుకు చేర్చేవాళ్లు. బాక్సు వెంట రిప్రజెంటేటివ్ ఉండేవాడు. ఊళ్లో హాలు బుకింగు దగ్గర కూర్చుని, తెగిన టికెట్లు లెక్కపెట్టి, ఆ రాత్రి కలెక్షన్ కాగితం మీద సంతకం పెట్టించుకునేవాడు. ఏ ఊరివాళ్లు ఏ పాటకు ఈల వేశారో, ఏ సీనుకు లేచి వెళ్లారో అతనికి తెలిసినంతగా ఏ పత్రికా విమర్శకుడికీ తెలియదు. ఆ కబురంతా గాంధీనగర్ ఆఫీసుకు చేరేది, అక్కడి నుంచి మద్రాసుకు పోయేది. తెలుగు సినిమా అభిరుచిని తీర్చినవాళ్లలో ఈ పేరులేని మనుషులూ ఉన్నారని నేను నమ్ముతాను.

కటౌట్లు రాసేవాళ్లు మరో లోకం. స్టిల్లు మీద గళ్లు గీసి, అవే గళ్లు పెద్ద పలకల మీద బలపంతో వేసుకుని, చిన్న గడిలోని కనుబొమ్మను మనిషి పొడవు కనుబొమ్మగా పెంచేవాళ్లు. ముఖం గురువుగారే రాయాలి. చొక్కా, ఆకాశం, అక్షరాలు శిష్యుల వంతు. దగ్గర్నుంచి చూస్తే చెంప మీద నీలం, ఆకుపచ్చ మరకలు. రోడ్డు అవతలికి వెళ్లి చూస్తే ఆ మరకలే ఎన్టీఆర్ కళ్ల కింది నీడ. సరుగుడు కర్రలు కట్టి దాన్ని నిలబెట్టే రాత్రి హాలు ముందు జాతరలా ఉండేది. ఆ చేతుల దగ్గరే ఊళ్లో సైన్‌బోర్డులు రాసేవాళ్లు, నాటకాల తెరలు రాసేవాళ్లు, వారపత్రికల్లో బొమ్మలు వేసేవాళ్లు పని నేర్చుకున్నారు. ఫ్లెక్సు వచ్చాక ఆ పని కొద్ది ఏళ్లలోనే ఆగిపోయింది. చిన్న షెడ్డులో ఇప్పుడు నంబరు ప్లేట్లు రాసుకుంటున్న ఒక పెద్దాయన నాతో అన్నారు, "బాబూ, పని పోయిందని కాదు. ముఖం రాయడం ఎవరికీ చెప్పకుండానే పోతున్నాను, అదీ బాధ." ఈ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తర్వాతి కాలంలో రీళ్లు కూడా పోయాయి. సినిమా ఉపగ్రహం మీదుగా, హార్డ్‌డిస్కులో హాలుకు రావడం మొదలయ్యాక బాక్సు లేదు, రిప్రజెంటేటివ్‌కు రైలూ లేదు.

ఏలూరు రోడ్డు మాత్రం ఇంకా పుస్తకాల రోడ్డే. ఒకప్పటి సంగతి తలచుకుంటే, తెలుగువాళ్లు ఏం చదవాలో చాలావరకు ఈ రోడ్డే నిర్ణయించింది. 1952లో విశాలాంధ్ర దినపత్రిక బెజవాడ నుంచి మొదలైంది, మరుసటి ఏడాది విశాలాంధ్ర ప్రచురణాలయం వచ్చింది. 1960లో నార్ల వెంకటేశ్వరరావుగారి సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి ఇక్కడే పుట్టింది. స్వాతి ఇక్కడి నుంచే ఇంటింటికీ వెళ్లింది. బందరులో మొదలైన ఎమెస్కో చివరికి ఈ ఊరు చేరింది. నవోదయ షాపులోకి వెళితే పుస్తకం కొనకపోయినా అరగంట నిలబడి చదువుకోవచ్చన్న ధైర్యం ఉండేది. 1970ల్లో నవలలు ఉధృతంగా వచ్చిన రోజుల్లో ఊరూరా అద్దె పుస్తకాల కొట్లకు సరుకు ఇక్కడి నుంచే పోయేది. యద్దనపూడి నవల కొత్తది వచ్చిందంటే కట్టలు బస్సుల టాపుల మీదికి ఎక్కేవి.

మా నాన్న డెల్టాలో రైతు. ఎరువుల పని మీద బెజవాడ వస్తూ నన్నూ వెంట తెచ్చేవారు. పనయ్యాక విశాలాంధ్రలోకి తీసుకెళ్లి, "ఏం కావాలో తీసుకోరా, రెండు రూపాయల్లోపు" అనేవారు. రెండు రూపాయలకు అక్కడ సోవియట్ పుస్తకాలు దొరికేవి. గట్టి అట్ట, నున్నని కాగితం, రంగుల బొమ్మలు. మాస్కోలో కూర్చుని తెలుగులోకి తెచ్చిన ఉప్పల లక్ష్మణరావుగారి పేరు మొదటిసారి చదివింది ఆ పుస్తకాల మీదే. మంచు అంటే ఎలా ఉంటుందో తెలియని పిల్లవాడు కృష్ణా కాలువ గట్టు మీద కూర్చుని సైబీరియా చలికి వణికాడు. మా నాన్న పెద్దగా చదువుకోలేదు. ఆయనకు ఆ షాపు తెలియడానికి కారణం అది ఎరువుల ఆఫీసుకీ బస్సుకీ మధ్య దారిలో ఉండటమే. అది ఊరి చివర ఉండి ఉంటే నేను ఇవాళ ఈ వ్యాసం రాసేవాణ్ణి కాను.

లెనిన్ సెంటరు పాత పుస్తకాలది ఇంకో రకం ఉపకారం. ఇంజనీరింగు గైడ్ల కట్టల మధ్య ఎవరి ఇంట్లోంచో వచ్చిన భారతి సంచికలు, ఎవరో పెళ్లికి బహుమతి ఇచ్చిన వేయిపడగలు, మొదటి పేజీలో పచ్చ సిరాతో రాసిన పేరు. ఈ ఊళ్లోనే ఎస్సారార్ కాలేజీలో పాఠం చెప్పిన విశ్వనాథవారి పుస్తకం, ఆయన దగ్గర చదువుకున్నవాడి చేతి నుంచి జారి ఇక్కడికి చేరి ఉండవచ్చు కదా అనిపిస్తుంది. ఆ కాలేజీలోనే విశ్వనాథవారి నాటకంలో ఆడవేషం కట్టడానికి మీసం తీయనన్నాడు ఎన్.టి. రామారావు అనే విద్యార్థి. ఆ కుర్రవాడి కటౌట్లే తర్వాత ఈ రోడ్ల మీద ఆకాశమంత లేచాయి.

చిత్రమేమిటంటే, అమరావతి కొత్త రాజధానికి ప్లాన్లు తయారుచేసిన సీఆర్‌డీఏ ఆఫీసు చాలా ఏళ్లు ఈ లెనిన్ సెంటరులోనే ఉంది. 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగిన రోజుల్లో ఆ ఆఫీసు మెట్లు దిగిన ఇంజనీర్లు కింద పాత పుస్తకాలు తిరగేయడం చూశాను. కొత్త నగరంలో కళలకు ఎన్ని ఎకరాలు అని అప్పట్లో పెద్ద చర్చ జరిగేది. నాకు అప్పుడూ ఇప్పుడూ తోచేది ఒకటే. ఎకరాలతో పాటు అడుగులు కూడా లెక్కపెట్టాలి. ఈ కొట్టు దగ్గర్నుంచి ఆ హాలుకు ఎన్ని అడుగులు?

సంగీతానికి ఈ ఊళ్లో ఇల్లు చూపించమంటే పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర మొదలుపెట్టాలి. త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని ఆయన దగ్గరే మంగళంపల్లి బాలమురళీకృష్ణ చదువుకున్నారు. ఎనిమిదేళ్ల వయసులో బెజవాడలో ఆరాధనోత్సవాల వేదికెక్కి కచేరీ చేశారు. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలయ్యాక ఆ పరంపరంతా ఒక చోట చేరింది. బాలాంత్రపు రజనీకాంతరావు, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, బాలమురళి. భక్తిరంజని పొద్దున్నే డెల్టా ఊళ్లను నిద్రలేపేది. మధ్యాహ్నం ఉషశ్రీగారు ధర్మసందేహాలు చెబుతుంటే వీధి చివరి నుంచి ఇంటికి నడిచేలోపు ఒక్క వాక్యం కూడా తప్పిపోయేది కాదు, ప్రతి ఇంట్లోనూ అదే గొంతు. సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్‌గా కూడా బాలమురళిగారే పనిచేశారు. ఇవాళ ఆ కళాశాల ఘంటసాల పేరుతో దుర్గాపురంలో ఉంది. సాయంత్రం అటు నడిస్తే వీణ, మృదంగం, కూచిపూడి గజ్జెలు ఒకేసారి వినిపిస్తాయి.

నాటకం గురించి ఎక్కువ చెప్పను, అది విడిగా ఒక పుస్తకానికి సరిపడే కథ. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి, గరికపాటి రాజారావు, మా భూమి నాటకం, నాజర్ బుర్రకథ అన్నీ ఈ గాలిలోవే. మాకినేని బసవపున్నయ్య విజ్ఞాన కేంద్రంలోనో, బాలోత్సవ భవన్‌లోనో ఇవాళ ఏదో ఒక కుర్ర బృందం పాటకు డప్పు కొడుతుంటే ఆ దారి ఇంకా తెగిపోలేదనిపిస్తుంది.

ఇక బాగుచేసిన వాటి సంగతి. బందరు రోడ్డు మ్యూజియం చాలా సంతృప్తినిచ్చే ఉదాహరణ. 1887 జూన్‌లో, విక్టోరియా రాణి పట్టానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, అప్పటి కలెక్టరు రాబర్ట్ సూయెల్ శంకుస్థాపన చేశారు. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన ఘట్టానికి ఈ భవనం సాక్షి అని ఊరు చెప్పుకుంటుంది. ఎంతో కాలం మూతపడి ఉన్న దాన్ని బాగుచేసి 2020 అక్టోబరు 1న బాపు మ్యూజియంగా తెరిచారు. అల్లూరులో దొరికిన బుద్ధుడి పాలరాతి విగ్రహం ముందు నిలబడితే డెల్టా వయసు ఎంతో తెలుస్తుంది. స్కూలు పిల్లలు వరసలో వస్తారు. గైడు చెప్పేది అయిపోయాక ఒకరిద్దరు వెనకబడి బొమ్మను మళ్లీ చూస్తారు. ఆ ఒకరిద్దరి కోసమే మ్యూజియాలు.

అయితే ఆ పిల్లలు బయటికొచ్చాక ఎటు నడవాలి? ఒకప్పుడు అదే రోడ్డులో స్వరాజ్య మైదానం ఉండేది. 1989లో మొదలైన పుస్తక మహోత్సవం చాలా ఏళ్లు జనవరి 1 నుంచి 11 దాకా అక్కడే జరిగింది. పుస్తకాల కోసం పాదయాత్ర చేసే ఊరు మరొకటి ఉందో లేదో కాని, బెజవాడ చేస్తుంది. ఆ మైదానంలోనే 2024 జనవరి 19న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. చదువుకోమని చెప్పిన మహానుభావుడు చదువుకునే జనం మధ్యకే వచ్చారు. పుస్తకాల పండుగ మాత్రం కొన్నాళ్లు చోటు కోసం తిరిగింది. 2025లో జరిగిన 35వ పండుగ బందరు రోడ్డు మీదే ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగింది. ఆ విగ్రహం చుట్టూ ఉన్న స్మృతివనంలో ఒక మూలైనా పుస్తకాలకు ఏడాది పొడవునా వదిలితే అంబేడ్కర్‌కు అంతకన్నా తగిన గౌరవం ఉండదని నా గట్టి అభిప్రాయం.

గోడల మీది బొమ్మలంటే నాకు ఇష్టమే. హైదరాబాదు ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మఖ్తా బస్తీలో స్టార్ట్ ఇండియా వాళ్లు 2016 నుంచి గోడలు రంగులతో నింపారు. ఇరుకు సందుల్లో బతికేవాళ్ల ముఖాలు వాళ్ల గోడల మీదే కనిపించాయి. అలాంటిది గవర్నర్‌పేట సందుల్లోనూ జరగాలి. కాని ఎవరి చేత? ముఖం రాయడం తెలిసిన పాత కటౌట్ కళాకారులు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఫైన్ ఆర్ట్స్ చదివిన పిల్లలను వాళ్ల పక్కన నిలబెట్టి రాజగోపాలాచారి వీధి గోడ ఒక్కటి ఇస్తే, ఆ పెద్దాయన బాధకు జవాబు దొరుకుతుంది.

రంగులు వేసినంత మాత్రాన సరిపోదని ముంబయి చెబుతుంది. అక్కడ కాలాఘోడాలో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, డేవిడ్ ససూన్ గ్రంథాలయం, మ్యూజియం పక్కపక్కనే ఉన్నాయి. 1998లో ఆ ప్రాంతంవాళ్లు సంఘం పెట్టుకుని మరుసటి ఏడాది నుంచి కళోత్సవం జరుపుతున్నారు. ఫిబ్రవరిలో దేశమంతా అటు చూస్తుంది. అదే చోట దశాబ్దాలుగా పాటల రికార్డులు అమ్మిన రిథమ్ హౌస్ 2016లో మూతపడింది. పండుగ నిలిచింది, నిత్యం తెరిచి ఉండే కొట్టు పోయింది. అక్కడ పాటలు అమ్మే తీరు మారి కొట్టు పోతే, మన దగ్గర అద్దెలు ఆ పని చేస్తున్నాయి. రాష్ట్ర విభజన తర్వాత ఆఫీసులన్నీ బెజవాడకు వచ్చినప్పుడు గవర్నర్‌పేట, సూర్యారావుపేట, గాంధీనగర్ అద్దెలు ఒక్కసారిగా పెరిగాయి. చిన్న ప్రెస్సులు ఊరి అంచులకు జరిగాయి. హార్మోనియం నేర్పే గదులు కోచింగ్ సెంటర్లయ్యాయి. వాటిని నడిపేవాళ్ల తప్పు ఏమీ లేదు, వాళ్లకూ బతుకుతెరువే. కాని నాటకం ఆడే బృందం మూడు నెలలు రిహార్సల్ చేసుకోవడానికి ఒక గది దొరక్కపోతే, ఎంత మంచి కళాక్షేత్రం ఉన్నా దాని వేదిక మీదికి కొత్తగా ఎవరు వస్తారు?

అందుకే నేను అడిగేవి చిన్నవి. నగరపాలక సంస్థ భవనాల్లో సాయంత్రం ఆరు దాటాక ఖాళీగా ఉండే గదులను తక్కువ అద్దెకు రిహార్సల్స్‌కు ఇవ్వాలి. కళాక్షేత్రంలో నెలకు కొన్ని రోజులు టికెట్టు లేని నాటకాలకు, కొత్తవాళ్ల కచేరీలకు విడిగా ఉంచాలి. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా మొదట కదిలేది పాత పుస్తకాల కొట్లే కాబట్టి, వాటికి అక్కడే, బస్సు దిగి నడిచొచ్చే చోటే, వాన తడవని కప్పు కట్టించాలి. పాత హాలు కూల్చి కాంప్లెక్సు కడితే కింద ఒక గదైనా పుస్తకానికో బొమ్మకో సంగీతానికో వదలాలని షరతు పెట్టాలి. వీటిలో ఏదీ కోట్ల మాట కాదు.

మా అన్నయ్య కూతురు ఇంజనీరింగు చదువుతోంది. ఈ సంవత్సరం స్నేహితులతో కలిసి నాటిక ఒకటి తయారు చేస్తోంది. కాలువ గట్టు ఇళ్లు తీసేసిన రోజుల మీద వాళ్లే రాసుకున్నారు. పోయిన వారం ఫోన్ చేసి, "బాబాయ్, పదిహేనుమందిమి ఉన్నాం, అపార్టుమెంటు మేడ మీద చేస్తే కిందివాళ్లు గోల చేస్తున్నారు, ఎక్కడైనా చోటు చూడవా" అంది. హనుమంతరాయ గ్రంథాలయం వాళ్లను, విజ్ఞాన కేంద్రం వాళ్లను అడిగి చూస్తానన్నాను. ఆదివారం పొద్దున్న ఏ సభా లేకపోతే హాలు ఖాళీగా ఉండొచ్చు. అక్కడ కుదరకపోతే ఏలూరు రోడ్డులో నాకు తెలిసిన ప్రచురణకర్త గోడౌను ఉంది, స్కూళ్లు తెరిచి గైడ్లన్నీ అమ్ముడుపోయాక సగం ఖాళీ అవుతుంది. మొదటి రిహార్సల్‌కు నన్నూ రమ్మంది. ఎంత దూరం నడవాలే అని అడిగితే, "ఎక్కడ కుదిరినా లెనిన్ సెంటర్ నుంచి ఐదు నిమిషాలే బాబాయ్, మావాళ్లంతా అక్కడే కలుస్తాం" అంది.